చొరవ ఎక్కడ సన్నగిల్లుతుంది: సైకోసిస్ ముప్పు ఉన్న యువతలో మెదడు, ప్రేరణ

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్ళలో పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్లవాడి గురించి పెద్దవాళ్ళు మొదట బెంగపడేది అతని చెవిలో ఏవో మాటలు వినిపిస్తున్నాయని కాదు. ఆ దశ వచ్చేసరికి చాలాకాలం గడిచిపోయి ఉంటుంది. అంతకు ఆరు నెలల ముందో, ఏడాది ముందో, కొందరిలో రెండు మూడేళ్ళ ముందో ఇంట్లో నడిచిన మాటలు వేరు: ప్లస్ టూలో చేరాక వీడికి చదువు ఎక్కడం లేదు, స్నానానికి పదిసార్లు చెప్పాలి, పిలిస్తే పలుకుతాడు గాని మంచం దిగడు, వొళ్ళు వంగదు. ఇలాంటి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం వయసుకు సహజమైన బద్ధకం గురించే అయివుంటాయి. కొద్దిమందిలో మాత్రం ఈ మార్పు, వాస్తవానికీ భ్రమకూ మధ్య గీత చెరిగిపోయే సైకోసిస్ అనే స్థితికి చాలా ముందుగా కనిపించే సూచన. ఈ సన్నగిల్లడం వెనుక ఉన్నది సుఖాన్ని అనుభవించలేకపోవడం కంటే, రాబోయే ఫలితానికీ దానికోసం ఇప్పుడు పడాల్సిన శ్రమకూ మధ్య మెదడు వేసుకునే లెక్క దెబ్బతినడమేనని గత రెండు దశాబ్దాల పరిశోధన ఎక్కువగా సూచిస్తోంది. ఇంట్లో ఆ పిల్లవాడితో ఎలా మెలగాలన్నది చాలావరకు ఈ తేడాను అర్థం చేసుకోవడం మీదే ఆధారపడి ఉంది.

సైకోసిస్ వచ్చే అవకాశం ఉన్న 'ముప్పు దశ' అన్న భావన వైద్యంలో ఒక రూపం దాల్చింది 1990 దశకంలో, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో. ప్యాట్రిక్ మెక్‌గోరీ, ఆలిసన్ యంగ్ తదితరులు అక్కడ నడిపిన కేంద్రం, జబ్బు పూర్తిగా బయటపడేదాకా ఆగకుండా ముందే గుర్తుపట్టవచ్చా అన్న ప్రశ్నతో బయలుదేరింది. వాళ్ళు పెట్టుకున్న గీటురాళ్ళలో ముఖ్యమైనది లక్షణాలు పలచగా ఉండడం. పక్కవీధి కుర్రాళ్ళు తన గురించే నవ్వుకుంటున్నారన్న అనుమానం వస్తుంది, కాని కాసేపటికి 'అలా ఎందుకు అనుకుంటారులే' అని తనకు తాను సర్దిచెప్పుకోగలుగుతాడు. ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు వినిపించి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు, అది తన చెవి భ్రమేనన్న స్పృహ ఇంకా మిగిలే ఉంటుంది. పూర్తిస్థాయి లక్షణాలు వచ్చినా వారం లోపల వాటంతటవే తగ్గిపోయినవాళ్ళు రెండో రకం. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ జబ్బు ఉండి, తాను కూడా ఏడాది కిందటితో పోలిస్తే చదువులో, పనిలో, నలుగురితో మసలుకోవడంలో బాగా దిగజారినవాళ్ళు మూడో రకం. ఈ మూడో గీటురాయిలో భ్రమల ఊసే లేదన్నది గమనించదగ్గ విషయం; వంశంలో జబ్బు, మనిషిలో దిగజారుడు, ఈ రెండూ ఉంటే చాలు.

ముప్పు అనగానే జబ్బు ఖాయమని అర్థం కాదు. అంతవరకు జరిగిన అధ్యయనాలను కలిపి 2012లో వేసిన లెక్క ప్రకారం, ఈ దశలో ఉన్నట్టు గుర్తించినవాళ్ళలో ఏడాదిలోగా సైకోసిస్‌కు చేరినవాళ్ళు 22 శాతం, మూడేళ్ళలోగా చేరినవాళ్ళు 36 శాతం. తరవాతి లెక్కల్లో మూడేళ్ళ అంకె నాలుగో వంతు దగ్గరికి తగ్గింది. అంటే ఎక్కువమంది ఆ గట్టు దాటరు. ఈ అంకెలు కూడా సాయం కోరి ప్రత్యేక క్లినిక్‌కు వచ్చినవాళ్ళవి. వీధిలో కనిపించే ప్రతి ముభావపు కుర్రాడికీ వాటిని తగిలించడం తప్పు. అయితే గట్టు దాటనివాళ్ళందరూ కులాసాగా ఉంటారనుకోవడమూ పొరపాటే. వాళ్ళలో చాలామందికి దిగులు, ఆందోళన, చొరవలేమి కొనసాగుతూనే ఉంటాయి, చదువో పనో మధ్యలో ఆగిపోతుంది. జీవితాన్ని దెబ్బతీయడంలో భ్రమలకన్నా ప్రేరణ తగ్గడమే ముందుంటుందని చెప్పడానికి ఇంతకు మించిన ఆధారం అక్కర్లేదు.

ప్రేరణ తగ్గడం అంటే సరిగ్గా ఏమిటో చూడాలంటే ఒక ఇంటిని ఊహించుకోవాలి. పర్లాకిమిడిలో ఉన్న కుర్రాడు, టెక్కలిలో మేనమామ కూతురి పెళ్ళి. వారం ముందునుంచీ 'నేను రాను, మీరు వెళ్ళండి' అంటాడు. చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెడితే సాయంత్రం దాకా అది అక్కడే ఉంటుంది. బతిమాలో, కేకలేసో బస్సెక్కించి తీసుకెళితే, పెళ్ళిలో బావమరుదుల మధ్య కూర్చుని నవ్వుతాడు, కడుపునిండా తింటాడు, పాత స్నేహితుడు కనిపిస్తే గంటసేపు మాట్లాడతాడు. తిరిగొచ్చాక తండ్రి తేల్చే తీర్పు ఒకటే: 'వాడికేం రోగం లేదు, అక్కడ బాగానే ఉన్నాడు కదా, ఇంట్లోనే నటన.' చూసింది నిజమే గాని తేల్చిన తీర్పు తప్పు. ఎదురుగా ఉన్న ఆనందాన్ని అనుభవించడం ఒక పని, ఇంకా రాని ఆనందాన్ని ముందుగా తలచుకుని దానికోసం లేచి కదలడం మరొక పని. ఆన్ క్రింగ్, డేవిడ్ గార్డ్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు, సైకోసిస్ ప్రధానంగా కనిపించే జబ్బు అయిన స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళను పరిశీలించి చూపించిన విషయం ఇదే. ఆ క్షణంలో ఎదురైన ఇష్టమైనదాన్ని వాళ్ళు దాదాపు అందరిలాగే ఆస్వాదిస్తారు. తగ్గేది ముందుచూపులోని ఉత్సాహం. అక్కడికి వెళితే బాగుంటుందన్న తలపు కాళ్ళను కదిలించేంత బలంగా పుట్టదు.

జంతువుల మీద జరిగిన పరిశోధనలూ ఈ విభజననే బలపరిచాయి. మెదడు లోతుల్లో వెంట్రల్ స్ట్రయాటం అనే భాగం ఉంది, అందులో న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే కేంద్రం ఉంది. మధ్య మెదడు నుంచి డోపమిన్ అనే రసాయనాన్ని మోసుకొచ్చే నాడీతంతువులు అక్కడికి చేరతాయి. ఎలుకల్లో అక్కడి డోపమిన్‌ను తగ్గించి జాన్ సలమోన్ బృందం ఒక ఎంపిక ముందుంచింది: మీట చాలాసార్లు నొక్కితే ఇష్టమైన తిండి దొరుకుతుంది, పక్కనే మామూలు తిండి ఏ శ్రమా లేకుండా పడివుంటుంది. మామూలు ఎలుక మీట నొక్కుతుంది. డోపమిన్ తగ్గిన ఎలుక పక్కనున్న మామూలు తిండితో సరిపెట్టుకుంటుంది. దానికి ఆకలి పోలేదు, తినడం మానలేదు, ఇష్టమైన తిండి నోటికి అందిస్తే వద్దనదు. శ్రమపడి తెచ్చుకోవడం మాత్రం మానేసింది. డోపమిన్‌ను దాదాపు పూర్తిగా తీసేసిన ఎలుకల నాలుక మీద తీపి చుక్క వేస్తే అవి ఇష్టంగా పెదవులు నాకుతాయని కెంట్ బెరిడ్జ్ చూపించాడు. డోపమిన్‌ను 'ఆనందపు రసాయనం' అని పత్రికలు ఇప్పటికీ రాస్తూనే ఉన్నాయి. ఈ ఎలుకల ముందు ఆ పేరు నిలవదు.

డోపమిన్ కణాలు ఏం చేస్తాయో కోతుల మీద చూసినవాడు వుల్ఫ్రామ్ షుల్జ్. అనుకోకుండా పళ్ళరసం చుక్క నోట్లో పడితే కోతి మెదడులో ఈ కణాలు గట్టిగా స్పందించాయి. దీపం వెలిగాకే రసం వస్తుందని కోతికి అలవాటయ్యాక, స్పందన రసం నుంచి దీపానికి మారింది. దీపం వెలిగి రసం రాకపోతే, రావలసిన క్షణంలోనే ఆ కణాల చప్పుడు మామూలుకంటే కిందకి పడిపోయింది. అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య తేడాను ఈ కణాలు లెక్కగడుతున్నాయన్న వివరణ 1997లో వెలువడి, ఆ తరవాతి పరిశోధనకంతా పునాది అయింది. పరీక్ష ఫలితం, జీతం రోజు, స్నేహితుడి ఫోను, ఇలా మనిషి జీవితంలో ఏది దేనికి సంకేతమో నేర్పేది ఈ యంత్రాంగమే. ఈ నేర్పే పని కుంటుపడితే ఏ సంకేతమూ దేనికోసమూ లేవమని చెప్పదు.

మనుషుల్లో దీన్ని చూడడానికి బ్రయన్ నట్సన్ రూపొందించిన పరీక్ష ఎక్కువగా వాడుకలో ఉంది. మెదడు పనిచేసే తీరును చూపే ఎఫ్ఎంఆర్ఐ యంత్రంలో పడుకున్న మనిషి కళ్ళముందు తెరమీద ఒక ఆకారం కనిపిస్తుంది. వృత్తమైతే డబ్బు వచ్చే అవకాశం, చతురస్రమైతే పోయే అవకాశం, మరో ఆకారమైతే ఏమీ లేదు. తరవాత కొద్ది క్షణాల ఎదురుచూపు. ఆ పైన ఒక గుర్తు సెకనులో నాలుగో వంతు మేరకు మెరుస్తుంది, అది మాయమయ్యేలోగా మీట నొక్కాలి. పరిశోధకులకు కావలసింది గెలుపు ఓటములు కాదు, మధ్యలో ఉన్న ఆ ఎదురుచూపు. డబ్బు రావచ్చన్న ఆశ పుట్టినప్పుడు ఆరోగ్యవంతుల్లో వెంట్రల్ స్ట్రయాటం చురుకవుతుంది. 2006లో జార్జ్ యూకెల్ బృందం మందులు వాడని స్కిజోఫ్రీనియా రోగుల్లో ఈ చురుకు తగ్గిందనీ, అది ఎంత తగ్గితే చొరవలేమి వంటి లక్షణాలు అంత తీవ్రంగా ఉన్నాయనీ చూపించింది. ఆ అధ్యయనంలో రోగులు పదిమంది, వారితో పోల్చినవాళ్ళు పదిమంది. ఇంత చిన్నదైనా దాని ప్రభావం పెద్దది, ఎందుకంటే మందుల ప్రభావమేనన్న అనుమానానికి అందులో చోటు లేదు. అదే బృందం 2012లో సైకోసిస్ ఇంకా రాని, ముప్పు మాత్రమే ఉన్నవాళ్ళలోనూ ఆ దిశగానే తేడా కనిపించిందని చెప్పింది.

ఆ తరవాత వచ్చిన అధ్యయనాలు ఒకే స్వరంతో మాట్లాడలేదు. కొన్నింటిలో తేడా కనిపించింది, కొన్నింటిలో గుంపుల సగటుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు గాని, చొరవలేమి ఎక్కువగా ఉన్నవాళ్ళను విడిగా చూస్తే ఉంది. ముప్పు దశ అన్న గొడుగు కింద చేరినవాళ్ళు ఒకే రకం కానప్పుడు ఫలితాలు ఇలా చెదరడం వింతేమీ కాదు. ముప్పు అనే ముద్ర కంటే ఆ మనిషిలో ప్రేరణ ఏ మేరకు తగ్గిందన్నదే మెదడు స్పందనకు దగ్గరగా ఉంటుందన్న అభిప్రాయం ఈ గజిబిజిలోంచి బలపడుతోంది, అది సబబుగానే కనిపిస్తోంది.

శ్రమను కొలిచే పరీక్ష ఇంకా ఆసక్తికరమైనది. 2009లో మైకేల్ ట్రెడ్‌వే బృందం తయారుచేసిన ఆ పరీక్షలో ప్రతిసారీ రెండు పనుల్లో ఒకటి ఎంచుకోవాలి. తేలికపని: చూపుడువేలితో ఏడు సెకన్లలో 30 సార్లు మీట నొక్కడం, ఫలితం ఒక డాలరు. కష్టపని: వాటంలేని చేతి చిటికెనవేలితో 21 సెకన్లలో వందసార్లు నొక్కడం, ఫలితం నాలుగు డాలర్ల పైదాకా. పని పూర్తిచేసినా డబ్బు ప్రతిసారీ రాదు. వచ్చే అవకాశం 12 శాతమా, 50 శాతమా, 88 శాతమా అన్నది ముందే చెబుతారు. ఆరోగ్యవంతులు తెలివిగా బేరమాడతారు: డబ్బు ఎక్కువ, అవకాశం ఎక్కువ అయితే చిటికెనవేలిని నొప్పించుకుంటారు, లేకపోతే తేలికపనితో సరిపెడతారు. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళలో, ముఖ్యంగా చొరవలేమి ఎక్కువగా ఉన్నవాళ్ళలో, ఈ బేరం కుదరదు. కష్టపడితే లాభం ఖాయంగా కనిపిస్తున్న చోట కూడా వాళ్ళు కష్టపని ఎంచుకోవడం తగ్గిస్తారు. సోమరితనమే అయితే అన్నిచోట్లా ఒకే మేరకు తగ్గాలి. ఇక్కడ తగ్గేది శ్రమకు తగ్గ ఫలితం ఎక్కడుందో పట్టుకునే నేర్పు. దానికి వెంట్రల్ స్ట్రయాటం ఒక్కటే చాలదు. నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఆ ఫలితాన్ని మనసులో నిలిపి ఉంచాలి. ఆ భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై అయిదేళ్ళ వయసు దాకా పడుతుంది, సైకోసిస్ తలెత్తేదీ ఎక్కువగా ఆ ఎదుగుదల సాగే కాలంలోనే.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. సైకోసిస్‌లో డోపమిన్ ఎక్కువవుతుందని అందరూ చెప్పుకునే మాట. దాన్ని అడ్డుకునే మందులే వాడతారు. ముప్పు దశలో ఉన్నవాళ్ళకు, మెదడులోని రసాయనాల జాడ చూపే పెట్ స్కాన్ చేసి ఆలివర్ హౌస్ బృందం 2009లో వెల్లడించిన ఫలితం కూడా స్ట్రయాటంలో డోపమిన్ తయారీ పెరిగిందనే. ఎక్కువైతే చురుకు పెరగాలి గదా, తగ్గడమేమిటి? మొదటి సంగతి, పెరుగుదల ముఖ్యంగా కనిపించింది ఆలోచనతో ముడిపడిన స్ట్రయాటం భాగంలో, ఫలితం కోసం ఎదురుచూసే వెంట్రల్ భాగంలో కాదు. రెండో సంగతి, డోపమిన్ మోతాదు కన్నా అది ఏ సమయంలో విడుదలైందన్నది ముఖ్యం. కారణం లేకుండా, ఏ సంకేతమూ లేనిచోట డోపమిన్ పొంగుతూ ఉంటే, నిజమైన సంకేతానికి వచ్చే పొంగు అందులో కలిసిపోతుంది. రాయగడ వారపు సంతలో కేకల మధ్య తల్లి పిలుపు వినపడనట్టే ఇదీ. షితిజ్ కపూర్ 2003లో ప్రతిపాదించిన వివరణ ఈ రభసలోని మరో సగాన్ని చెబుతుంది: కారణం లేకుండా పుట్టే ఆ పొంగులు గోడమీది రాతకూ, బస్సులో ఎవరిదో చూపుకూ లేని ప్రాముఖ్యాన్ని అంటగడతాయి, ఆ ప్రాముఖ్యానికి అర్థం వెతుక్కునే క్రమంలో భ్రమ పుడుతుంది. అనుమానమూ చొరవలేమీ చూడడానికి ఎదురుబొదురుగా ఉన్నా, పరీక్ష దగ్గరపడుతున్నా పుస్తకం మీద చూపు నిలవకపోవడానికీ, ఎవరో రెండుసార్లు దగ్గారని మనసు అక్కడే చిక్కుకుపోవడానికీ ఒకే రభస కారణం కావచ్చు. ఇది ఇప్పటికైతే వివరణే, తేలిన సత్యం కాదు. అయినా ఉన్న ఆధారాలకు బాగా అతుకుతోంది.

ఇంత చదివాక ఏ తండ్రికైనా కలిగే మొదటి ఆలోచన, అయితే స్కాన్ తీయిద్దాం అని. సరిహద్దు జిల్లాల కుటుంబాలు ఈ పని ఇప్పటికే చేస్తున్నాయి. రాయగడ నుంచి రైలెక్కి విశాఖ వెళ్ళి, వేల రూపాయలు పోసి ఎంఆర్ఐ తీయించుకుని, అంతా నార్మల్ అన్న కాగితంతో తిరిగివస్తారు. ఆ కాగితం ఇంట్లో పిల్లవాడి మీద సాక్ష్యంగా మారుతుంది: మెదడు బాగానే ఉందట, ఇక నీదే తప్పు. స్కానింగ్ సెంటర్లలో తీసే ఎంఆర్ఐ మెదడు ఆకారాన్ని చూపుతుంది. గడ్డ ఉందా, రక్తం చిమ్మిందా, పాత దెబ్బ ఉందా అన్నవి తేల్చడానికి అది అవసరం. పని తీరును చూపే ఎఫ్ఎంఆర్ఐ వేరు. సేజీ ఒగావా 1990లో కనిపెట్టిన సూత్రం మీద నడిచే ఆ పద్ధతి కూడా నాడీకణాల మాట నేరుగా వినదు; ఒకచోట పని పెరిగితే అక్కడికి వచ్చే రక్తంలో ఆక్సిజన్ మోతాదు మారుతుంది, ఆ మార్పును అది పట్టుకుంటుంది. పైన చెప్పుకున్న ఫలితాలన్నీ గుంపుల సగటులు. ఒక గుంపులోని ఎందరో అవతలి గుంపులోని ఎందరితోనో కలగలిసిపోతారు. ఒక్క మనిషిని పడుకోబెట్టి, ఇతనికి ముప్పు ఉందనో లేదనో చెప్పగలిగే ఎఫ్ఎంఆర్ఐ పరీక్ష ప్రపంచంలో ఎక్కడా వైద్యుల వాడుకలో లేదు. జబ్బు లేదనడానికి ఆ నార్మల్ కాగితం ఏ మాత్రమూ రుజువు కాదు.

మెదడు గురించి మాట్లాడేముందు రక్తం గురించి మాట్లాడడం ఈ ప్రాంతంలో అవసరం. దక్షిణ ఒడిశా జిల్లాల్లో మలేరియా పాత పగ, సికిల్ సెల్ జబ్బూ ఉంది, ఆడపిల్లల్లో రక్తహీనత మామూలైపోయింది. వీటిలో ఏదున్నా, థైరాయిడ్ మందగించినా, మనిషి మంచానికి అతుక్కుపోతాడు. డాక్టరు రాసే మొదటి చీటీలో రక్తపరీక్షలు ఉంటే అది తప్పించుకునే ఎత్తు కాదు. దిగులు జబ్బు మరొకటి. ముప్పు దశలో ఉన్నవాళ్ళలో దాదాపు 40 శాతం మందికి దిగులు జబ్బు కూడా ఉంటుందని 2014లో అధ్యయనాలను కలిపి వేసిన లెక్క చెబుతోంది. దిగులులోనూ ఎదురుచూపు వేళ వెంట్రల్ స్ట్రయాటం చురుకు తగ్గుతుంది. అందుకే మెదడు స్పందన తగ్గిందన్నంత మాత్రాన అది సైకోసిస్ వైపు అడుగని అనలేం. దిగులుకు మాత్రం తెలిసిన చికిత్స ఉంది, దాన్ని ముందు మొదలుపెట్టవచ్చు.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పుకోవాలి. మగపిల్లవాడు గడప దాటకపోతే నాలుగు నెలల్లో వీధి అడుగుతుంది. ఆడపిల్ల గది దాటకపోతే ఒద్దికగా ఉందంటారు, పెళ్ళిచూపులకు అదో గుణంగా లెక్కవేస్తారు. చొరవ తగ్గడాన్ని మెచ్చుకునే ఇంట్లో ఆ లక్షణం ఎవరికీ కనిపించదు.

గంజాయి సంగతి దాటవేయడానికి వీలు లేదు. గజపతి, కొరాపుట్, మల్కన్‌గిరి కొండల్లో దాన్ని దొంగచాటుగా పండించడం, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద పట్టుకోవడం ఈ ప్రాంతంలో రోజువారీ వార్త. స్వీడన్‌లో సైన్యం పిలుపు అందుకున్న 45 వేలమందికి పైగా యువకులను పదిహేనేళ్ళు వెంబడించి 1987లో ప్రకటించిన అధ్యయనంలో, పద్దెనిమిదేళ్ళలోపు 50 సార్ల కంటే ఎక్కువ గంజాయి తాగినట్టు చెప్పినవాళ్ళలో స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు ఎక్కువ కనిపించింది. అందులో కొంత ముందే ఉన్న ఇతర కారణాలదని తరవాతి విశ్లేషణలు తేల్చినా, సంబంధం మాత్రం చెరిగిపోలేదు. ఇక్కడ కారణం, ఫలితం అటూ ఇటూ మారుతూ ఉంటాయి: ఏ పనీ రుచించని కుర్రాడు తేలికగా దొరికే ఆ మత్తు వైపు వెళతాడు, ఆ మత్తు అతని చొరవను ఇంకా కుంగదీస్తుంది. బతుకుతెరువు కోసం గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు సాగే వలస ఇంకో వైపు. కొత్త ఊరు, తెలియని భాష, పన్నెండు గంటల షిఫ్టులు, తలకిందులైన నిద్ర. అమెరికాకు వెళ్ళిన నార్వే వలసదారుల్లో ఈ జబ్బు ఎక్కువని 1932లోనే నార్వే మానసిక వైద్యుడు ఓడెగార్డ్ రాశాడు గాని, దేశం దాటిన వలస మీద వచ్చిన ఆ ఫలితాలను సూరత్ కుర్రాళ్ళకు యథాతథంగా అంటించడం తొందరపాటు. నిద్ర చెడితే అనుమానాలు ముదురుతాయన్నంతవరకు మాత్రం నిస్సంకోచంగా చెప్పవచ్చు. ఆరు నెలలకే తిరిగివచ్చి, ఎందుకు వచ్చేశావని అడిగితే సరిగా జవాబు చెప్పలేని కుర్రాణ్ణి ఓర్వలేనివాడని తీసిపారేసేముందు, అక్కడ అతను ఎలా నిద్రపోయాడో అడగడం మంచిది.

చికిత్స విషయంలో సైకోసిస్ మందులు ముప్పు దశలోనే మొదలుపెట్టాలన్న ఆలోచన ఒకప్పుడు బలంగా ఉండేది. ఇప్పుడు అటు మొగ్గు లేదు. బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు 2014లో ఈ దశకు మాటల చికిత్సను, అందులోనూ ఆలోచనలను ప్రవర్తనను కలిపి సరిచేసే సీబీటీని, వీలైతే కుటుంబంతో కలిపి, సిఫారసు చేశాయి. సైకోసిస్ మందులు వద్దన్నాయి. ప్రేరణ కోణంలోంచి చూస్తే ఇందులో అదనపు న్యాయం ఉంది. ఆ మందులు పనిచేసేది డోపమిన్ గ్రాహకాలను అడ్డుకునే. రభసను తగ్గించే ఆ పనే, ముందే బలహీనంగా ఉన్న కోరికను మరింత మందగింపజేయవచ్చు. పూర్తిస్థాయి సైకోసిస్ వచ్చాక లెక్క మారిపోతుంది, అప్పుడు మందు ఆలస్యం చేయడమే నష్టం. ఈ రెండు దశల మధ్య తేడాను తేల్చగలిగేది మానసిక వైద్యుడే. మందుల షాపులో లక్షణం చెప్పి తెచ్చుకునే మాత్రతో అది తేలదు.

ఇంట్లో చేయగలిగింది పైన చెప్పిన పరీక్షల్లోంచే బయటికి వస్తుంది. దూరంగా ఉన్న ఫలితం ఈ పిల్లవాణ్ణి కదిలించలేదు. 'బాగా చదివితే రేపు ఉద్యోగం' అన్న మాటలో ఫలితానికి నాలుగేళ్ళ దూరం ఉంది. శ్రమ చిన్నదై, ఫలితం ఆ పూటే అందితే లెక్క కుదిరే అవకాశం ఎక్కువ. సాయంత్రం చెల్లెలితో కలిసి వీధి చివర కిరాణా కొట్టు దాకా వెళ్ళి రావడం, తండ్రి పక్కన కూర్చుని పదిహేను నిమిషాలు మగ్గం కండెలు చుట్టడం ఆ కొలతకు సరిపోతాయి. బరంపురం పట్టు నేసే దేవాంగుల ఇళ్ళలో ఈ రెండో రకం పని చేతికందే దూరంలోనే ఉంటుంది. మొదలుపెట్టించడం పెద్దల వంతు, ఎందుకంటే దెబ్బతిన్నది మొదలుపెట్టే శక్తే. పెళ్ళిలో కనిపించినట్టు, మొదలయ్యాక సాగించడం అంత కష్టం కాకపోవచ్చు. తిట్లు ఇందులో పనికిరావు. ఇంట్లో విమర్శ, కోపం ఎక్కువగా ఉంటే స్కిజోఫ్రీనియా తిరగబెడుతుందన్నది 1970ల నుంచి తెలిసిన సంగతి. 1987లో చండీగఢ్ కుటుంబాల మీద వచ్చిన అధ్యయనంలో అలాంటి విమర్శ లండన్ ఇళ్ళలోకంటే తక్కువగా ఉన్నట్టూ, జబ్బు నడక దానికి తగ్గట్టే మెరుగ్గా ఉన్నట్టూ తేలింది. ఉమ్మడి కుటుంబాల సహనం గురించి ఈ మాటను మురిపెంగా చెప్పుకోవడం మామూలు. రోగమని ఒప్పుకున్నాక దొరికే ఆ సహనం సోమరితనమని అనుకుంటున్నంతకాలం దొరకదన్నది మరిచిపోతారు. ముప్పు దశలో ఉన్న పిల్లవాడికి తగిలేది సరిగ్గా ఆ రెండో కాలం.

మజ్జిగౌరమ్మకు మొక్కుకోవడం, గుణియా అనే మంత్రవైద్యుడి దగ్గర తాయెత్తు కట్టించడం ఈ ప్రాంతంలో ఆసుపత్రి కంటే ముందు జరుగుతాయి, జరుగుతూనే ఉంటాయి. వాటిని వెక్కిరించి సాధించేది లేదు. మొక్కు వల్ల తల్లికి ధైర్యం చిక్కితే పిల్లవాడికి మేలే. నష్టమల్లా చిల్లంగి ఎవరు పెట్టారన్న విచారణలో ఏడాది గడిచిపోవడం, అనుమానాలతో ఇప్పటికే సతమతమవుతున్న మనిషికి ఫలానా పొరుగువాడే నీ శత్రువని పెద్దలే చెప్పడం. గొలుసు వేసి కట్టివేయడం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషిద్ధం.

సాయం దొరికే చోట్లు లేకపోలేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లో మొదలైంది. జిల్లా కేంద్ర ఆసుపత్రిలో అడగవలసింది ఆ విభాగాన్నే. బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల, కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఉన్నాయి. ఇటువైపు కుటుంబాలకు అలవాటైన దారి విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ ఫోను సేవ 14416 నంబరులో తెలుగులోనూ ఒడియాలోనూ అందుతుంది. 2015–16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పన్నెండు రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఒడిశా లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. ఈ సరిహద్దుకు రెండు పక్కలా ఉన్న కుటుంబాలు ఆ అంకెల్లో ఎక్కడా లెక్కకు రాలేదన్నమాట.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు స్కాన్ ఫిల్ముల కన్నా ఎక్కువ పనికొచ్చేది మార్పు చరిత్ర. ఏడాది కిందట ఈ పిల్లవాడు రోజంతా ఏం చేసేవాడు, ఇప్పుడు వాటిలో ఏవి మానేశాడు, ఏ వరసలో మానేశాడు. బలవంతాన తీసుకెళ్ళినచోట ఎలా ఉన్నాడు. నిద్ర ఎన్నింటికి, ఎన్ని గంటలు. గంజాయి, గుట్కా, మద్యం ఏమైనా ఉన్నాయా. వంశంలో ఎవరైనా ఇలా ఉండేవారా. తల్లి చెప్పేది, పిల్లవాడు చెప్పేది విడివిడిగా వినమని అడగవచ్చు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు నడిచే పిల్లలు పరీక్షల గురించి ఒడియాలో గలగలా చెప్పి, భయాల దగ్గరికి వచ్చేసరికి తడబడతారు. ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నట్టు ఉందిగాని పూర్తిగా నమ్మబుద్ధి కావడం లేదన్న ఆ సన్నటి సందేహాన్ని, ముప్పు దశను గుర్తుపట్టడానికి అసలు ఆధారమైన ఆ మాటను, పిల్లవాడు తనకు వాటమైన భాషలో చెప్పుకునే వీలుండాలి. డాక్టరుకు తెలుగు రాకపోతే ఆ భాగానికి మాత్రం నర్సునో, ఇంటికి సంబంధంలేని మరో మనిషినో తోడు పెట్టమని అడగడం కుటుంబం చేయదగ్గ పని. తండ్రి చేత తర్జుమా చేయిస్తే పిల్లవాడు ఆ మాట చెప్పడు.